పేరు లేని పదకొండు రోజులు

మొన్న నవంబరులో మా వీధి వాలంటీరు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇంట్లో ఎంతమంది ఆంటీ?" అని అడిగింది. ప్రభుత్వం మళ్ళీ మారింది, ఆరోగ్య పథకం పేరు మళ్ళీ మారింది, కొత్త కార్డులకు పేర్లు రాసుకుంటున్నారు. ముగ్గురమని చెప్పాను. ఆ పిల్ల ఏదో నొక్కుకుని వెళ్ళబోతుంటే ఆపి, నా పేరు ఎక్కిందో లేదో చూపించమన్నాను. చూపించింది. ఇంకోసారి చూపించమన్నాను. "ఎక్కినాది ఆంటీ, ఎక్కడికీ పోదు" అని నవ్వింది.

పేరు పోతుందని ఆ పిల్లకేం తెలుసు. ఐదేళ్ళ కిందట నా పేరు పదకొండు రోజులపాటు ఏ కార్డులోనూ లేకుండా పోయింది. గుండె మొరాయించడానికి కూడా సరిగ్గా ఆ సమయమే చూసుకుంది. ఇప్పుడు బాగానే ఉన్నాను. చర్చి మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను, పాట మధ్యలో ఊపిరి అందకపోవడం లేదు, మా ఆయనతో పోట్లాడటానికి బోలెడంత ఓపిక వచ్చింది. అమ్మ పోయి మాత్రం రెండేళ్ళయింది. ఇదంతా రాస్తే నాలాగా రెండు రాష్ట్రాల మధ్య బతికే ఆడపిల్లలు ఒకసారి కార్డులు తీసి చూసుకుంటారని ఒక ఆశ. అమ్మ గురించి ఎవరికైనా చెప్పుకోవాలని ఇంకో ఆశ. రెండోదే పెద్దది, ఒప్పుకుంటాను.

*పెళ్ళి నాటి సంగతి*

నేను పుట్టింది సాలూరు ఘాటీ, అంటే కొండదారి, ఎక్కాక, ఒడిశా వైపు, రాయపూర్ వెళ్ళే లారీలు టీకి ఆగే చిన్న ఊళ్ళో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చర్చిలో రెండూ. నాన్న లారీల టైర్లకు పంక్చర్లు వేసేవాడు. సాలూరు నుంచి వచ్చే ఒక డ్రైవరు టైర్లు మరీ తరచుగా పంక్చరవుతున్నాయని నాన్నకు అనుమానం వచ్చింది. ఆ డ్రైవరే మా ఆయన ప్రసాదు. వాళ్ళదీ బాప్టిస్టు సంఘమే, కాబట్టి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. పెళ్ళి బృందం రెండు లారీల్లో వచ్చింది. కాగితం పూలు కట్టిన లారీ క్యాబిన్‌లో కూర్చుని నేను ఘాటీ దిగాను. దిగుతుంటే చెవులు మూసుకుపోయి, అమ్మ ఏడుపు వినిపించడం మానేసింది.

మా ఊళ్ళో రేషను కార్డులో పేరు కొట్టించడమంటే మనిషి పోయాక చేసే పని. ఆఫీసులో గుమస్తా ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీస్తాడు. ఆడపిల్లలకు పెళ్ళయిందని ఎవరూ పేర్లు కొట్టించేవారు కాదు. మా అమ్మ సువార్తమ్మ ఆ గీతను రెండుసార్లు చూసింది. ఆరేళ్ళకే పోయిన మా తమ్ముడికి ఒకసారి, నా పెళ్ళయిన కొన్నాళ్ళకు నాన్నకి ఒకసారి. నా పేరు సాలూరు కార్డులోకి మార్పిద్దామని ప్రసాదు అడిగినప్పుడు అమ్మ మండిపడింది.

"బతికున్న గుంటకి గీత గియ్యమంటావేటి బాబూ? నువ్వు మరి నోరెత్తకు."

గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆయన నోరెత్తలేదు. నా పేరు కొండమీదే ఉండిపోయింది. నా ఓటు సాలూరులో, నా బియ్యం ఒడిశాలో. ఆ బియ్యాన్ని అమ్మ ఎన్నడూ తినలేదు. నెలనెలా నా వంతు పాత చీర ముక్కలో మూటకట్టి, కిందికి దిగే ఏదో ఒక లారీకి ఎక్కించేది. మూటలో చోడిపిండో, పనసపిక్కలో, అల్లమో ఉండేది. మా వీధి మొదట్లో హారను రెండుసార్లు మోగితే మూట వచ్చినట్టు. మా పాప దీవెన మాటలు నేర్చుకునే వయసులో హారను వినిపిస్తే "అమ్మమ్మ" అనేది. ఆ రోజులు తలుచుకుంటే, మాకు ఏ లోటూ లేదనే అనిపిస్తుంది. ఉండే ఉంటాయి, ఇప్పుడు గుర్తు లేవు.

*2013 వానాకాలం*

మొదట పాట మధ్యలో తెలిసింది. చర్చిలో స్త్రీల సమాజంలో నేను ముందు పాడితే మిగతావాళ్ళు అందుకునేవారు. ఒక ఆదివారం సగం చరణంలో నాకు గాలి అయిపోయింది. అందరూ నా వంక చూశారు. నీరసమనుకున్నాను, టానిక్ తాగాను. తర్వాత కుళాయి దగ్గర్నుంచి బిందె తెస్తూ రెండుచోట్ల దించాల్సి వచ్చేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు.

విజయనగరంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు ప్రసాదు. ఆయన నా ఎదమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. అంతసేపు వింటున్నారంటేనే నాకు భయం పట్టుకుంది.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అమ్మా?"

వచ్చింది. తొమ్మిదో ఏట. మోకాళ్ళు వాచిపోయి నడవలేకపోతే అమ్మ నన్ను వీపున వేసుకుని తిరిగింది. వేడి ఉప్పు మూటలతో కాపడం పెట్టింది. జ్వరం తగ్గిందని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. ఆ జ్వరం కీళ్ళను వదిలి గుండెలో కూర్చుందట. లోపల తలుపులాంటిది ఒకటి బిగిసిపోయిందని, మందులతో కొంతకాలం నడుస్తుందని, తర్వాత ఆపరేషను తప్పదని చెప్పారు. అమ్మకు ఏమీ చెప్పొద్దని ప్రసాదు దగ్గర మాట తీసుకున్నాను. తన ఉప్పు కాపడం చాల్లేదని తెలిస్తే తట్టుకోలేదనిపించింది.

*2014*

ఆ వేసవిలో రాష్ట్రం రెండైంది, ఎన్నికలొచ్చాయి, కొత్త ప్రభుత్వం వచ్చింది. ఏ టీకొట్టు దగ్గర విన్నా అదే కబురు. ఓటు వేయడానికి క్యూలో నిలబడలేకపోతే ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. వానలు మొదలయ్యేసరికి పడుకుంటే ఊపిరాడటం మానేసింది. గోడకు దిండ్లు చేర్చి కూర్చునే కునుకు తీసేదాన్ని. విశాఖలో ఒక ఆసుపత్రికి వెళితే, ఇక ఆలస్యం చేయకూడదన్నారు.

సొంత డబ్బుతో కోయించుకునే స్తోమత మాకు లేదు. ఉన్నదల్లా రేషను కార్డు, దానిమీద నడిచే ఆరోగ్య పథకం. ఆసుపత్రి కింది అంతస్తులోనే కార్డులు చూసే కౌంటరు. అక్కడ లక్ష్మి అనే ఆవిడ కూర్చునేది. ఆవిడ మెడలోని బ్యాడ్జీమీద పథకం పాత పేరు కనపడకుండా కొత్త పేరు అతికించి ఉంది. కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది.

"కార్డులో మీ పేరు నేదమ్మా. మీ ఆయన, పాప. అంతే."

"ఆవిడ నా పెళ్ళామేనండి. ఆ పాప తల్లి" అన్నాడు ప్రసాదు.

"నాకు తెలుస్తాది బాబూ. కంప్యూటరుకి తెలియాల గదా. మొన్నటిదాకా తాసిల్దారు ఉత్తరం తెస్తే పని జరిపించీసేవోళ్ళం. కొత్త గవర్నమెంటొచ్చాక అది ఆపీసినారు. పై రాష్ట్రం వోళ్ళొచ్చి వాడీసుకుంతన్నారని, ఇప్పుడన్నీ ఆధారు నంబరుతోటే. ఆవిడ పుట్టింటి కార్డులో ఉన్నాదంటే, అక్కడ పేరు తీసీసినట్టు కాయితం తేవాల. అది సూపితే సాలూరులో ఎక్కిస్తారు. ఎక్కితే నాను ఆపరేషను కాయితాలు ఈ పూటే పంపీగలను."

పై రాష్ట్రం అనే మాట నన్ను పొడిచింది. సాలూరుకు వచ్చి పదహారేళ్ళు. ఇక్కడే బిడ్డను కన్నాను, ఇక్కడే ఓటేశాను, ఈ ఊరి వీధికుళాయి దగ్గర అందరితోనూ తగువులాడాను. ఇన్ని చేశాక నేను పరాయిదాన్ని ఎలా అయ్యానో నాకు బోధపడలేదు. లక్ష్మి మీద కోపం రాలేదు. ఆవిడే లేచి తన కుర్చీ నాకిచ్చింది.

ఇక అమ్మకు చెప్పక తప్పలేదు. ప్రసాదు ఘాటీ ఎక్కి వెళ్ళాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగొచ్చి, బూట్లు విసిరికొట్టాడు.

"మీ అమ్మ ఒప్పనేదు. గీత గీయించనంటాది. ఆ పిడికెడు బియ్యం కోసం నిన్ను సంపుకుంతాదేటి?"

"బియ్యం కోసం కాదు" అన్నాను.

"మరేటి?"

చెప్పడానికి నాకు ఊపిరి చాలలేదు. ఆయన కోపం నాకు తెలుసు, భయపడ్డప్పుడు ఆయన అలాగే అరుస్తాడు. మరునాడు నేనే ఫోను చేశాను.

అమ్మ గొంతు సన్నగా వచ్చింది. "తమ్ముడికి గీసినప్పుడు పక్కనున్నాను. నాయనకి గీసినప్పుడూ ఉన్నాను. మూడోది నీకు గీయించమంటావేటే? అదీ నీకు బాగోనప్పుడు? నా సేత్తో నాను సెయ్యలేనే గుంటా."

"గియ్యకపోతే నిజంగానే పోతానమ్మా. అప్పుడెలాగూ గీస్తారు" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఈరోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు. అమ్మ ఫోను పెట్టేసింది. ఆ నెల హారను మోగలేదు. సెప్టెంబరు చివర్లో నన్ను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆపరేషను కాదు, ఒంట్లో నీరు దించడానికి మాత్రమే.

*అక్టోబరు*

అక్టోబరులో ఒక ఉదయం అమ్మే ప్రసాదుకు ఫోను చేసి రమ్మంది. ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ జరిగింది ప్రసాదు నాకు వార్డులో కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పాడు. గుమస్తా కార్డు తీసుకుని, చేతిలో ఉన్న ఎర్ర పెన్ను ఎత్తాడట. అమ్మ కార్డుమీద అరచెయ్యి పెట్టి అడ్డుకుంది. ఎర్ర సిరా వద్దు, నీలం సిరాతో గియ్యమంది. ఆయన విసుక్కుని పక్క బల్లమీద నుంచి నీలం పెన్ను తెచ్చుకున్నాడు. కాగితంలో కారణం దగ్గర అలవాటు చొప్పున మరణమని రాశాడు. అమ్మకు చదువు రాదు గాని, ప్రతి ముక్కా పైకి చదివి వినిపించమంది. ఆ మాట వినగానే ఆఫీసంతా అదిరేలా అరిచిందట.

"మొ ఝియొ బంచిఛి!"

నా కూతురు బతికుంది అని. ఆమె ఒడియాలో అంత గట్టిగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. గుమస్తా ఆ కాగితం చింపి ఇంకోటి రాశాడు. మనిషి బతికే ఉంది, పెళ్ళయి అత్తవారి రాష్ట్రానికి వెళ్ళింది అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

"ఇక్కడ తీసీసినారు. అక్కడెప్పుడెక్కుతాది బాబూ?" అని అమ్మ ప్రసాదును అడిగింది.

"మూడు నాలుగు రోజులు పడతాదత్తా. నువ్వూ నాతో వచ్చీ, దాన్ని సూద్దువుగాని."

"ఇప్పుడు రాలేను. నువ్వెల్లు."

ఎందుకు రాలేదో చెప్పలేదు. మామూలుగా నాకు పడిశం పట్టిందంటేనే మొదటి బస్సుకు దిగిపోయే మనిషి. ప్రసాదుకు ఒళ్ళు మండింది. కార్డులోంచి తీసేశాక మనసులోంచి కూడా తీసేసిందని అన్నాడు. నేను ఆయన్ని కోప్పడ్డాను గాని, ఆ మాట నాలోనే ఉండిపోయింది.

ప్రసాదు సాలూరు ఆఫీసులో కాగితాలిచ్చిన రెండు రోజులకే ఆ పెద్ద తుఫాను వచ్చి విశాఖ మీద పడింది. వార్డు కిటికీ అద్దాలు పగిలి లోపలికి వాన కొట్టింది. నర్సులు మంచాలన్నీ నడవలోకి లాగారు. నేను మంచంమీద కూర్చుని, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా ఒక చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి కోటబొమ్మాళి నుంచి వచ్చిన అప్పలనర్సమ్మది. ఆవిడ భర్త మగవాళ్ళ వార్డులో ఉన్నాడు.

"నా మీదకి వాలు. పడుకుంటే నీకు ఊపిరాడదు గదా, కూకునే వాలు" అంది.

గాలి ఆగేదాకా ఆవిడ భుజంమీదే ఉన్నాను. భర్త కోసం తెచ్చుకున్న గంజిలో సగం నాకు పట్టించింది. ఆవిడ ఊరికి రైలు ఎప్పుడు నడుస్తుందో తెలియదు, ఇంటి కప్పు ఉందో లేదో తెలియదు, అయినా నా జడ విప్పి చిక్కు తీసి మళ్ళీ అల్లింది. ఆవిడ భర్త కోలుకుని వెళ్ళిపోయాడు. నేను చిరునామా అడగడం మరిచిపోయాను. కోటబొమ్మాళి మీదుగా రైల్లో వెళ్ళినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద వెతుకుతాను.

తుఫాను తర్వాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, కంప్యూటర్లు లేవు. సాలూరులో నా కాగితాలు బల్లమీద పడి ఉన్నాయి. కొండమీద నా పేరు పోయింది, కింద ఎక్కలేదు. ప్రసాదు దొరికిన వాహనమల్లా ఎక్కి సాలూరుకీ విశాఖకీ మధ్య తిరిగాడు. లక్ష్మి రోజూ పొద్దున్నే మెట్లెక్కి పైకొచ్చి, "నెట్టు రానేదమ్మా" అని చెప్పి వెళ్ళేది. చెప్పాల్సిన పని ఆవిడకు లేదు. నా పెదవులు నీలమయ్యాయని నర్సులు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం వినిపించింది. నేను పోతే ఏ కార్డులో గీత గీస్తారని ఆలోచించి నవ్వుకున్నాను, నవ్వితే దగ్గు వచ్చింది. నిజానికి చాలా భయపడ్డాను. దీవెనకు జడ వేయడం వాళ్ళ నాన్నకు రాదని గుర్తొచ్చి ఏడ్చాను. అమ్మ మీద కోపమూ వచ్చింది. ఫోన్లు కలిశాక కూడా ఆవిడ దిగి రాలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం లక్ష్మి పరుగెత్తుకుంటూ వచ్చింది. మెట్లెక్కి వచ్చినందుకు ఆవిడకూ నాలాగే ఊపిరి అందడం లేదు.

"ఎక్కినాది! మీ పేరు ఎక్కినాదమ్మా! పంపీసినాను, మీరు ధైర్యంగుండండి."

ప్రసాదు కొండమీదికి ఫోను చేశాడు. మర్నాడు పొద్దున అమ్మ నా మంచం పక్కన ఉంది. చేతిలో మూట లేదు. అమ్మను ఉత్త చేతులతో చూడటం నాకదే మొదటిసారి. ఉబ్బిన నా పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "నిజంగా ఎక్కినాదా?" అని నన్ను కాదు, లక్ష్మిని పిలిపించి అడిగింది. లక్ష్మి ఆమెను కిందికి తీసుకెళ్ళి కంప్యూటర్లో నా పేరు చూపించిందట. ఆ తర్వాత రెండు రోజులకు నన్ను లోపలికి తీసుకెళ్ళారు.

ఆపరేషను గురించి నాకు చెప్పడానికేమీ లేదు, నేను నిద్రలో ఉన్నాను. మెలకువ వచ్చాక విపరీతమైన దాహం. తర్వాత ఎదలోపల సన్నగా టిక్కు టిక్కుమని కొత్త తలుపు చప్పుడు. మొదటిసారి వెల్లకిలా పడుకోగలిగినప్పుడు పైకప్పు చూస్తూ చాలాసేపు అలాగే ఉన్నాను.

*డిసెంబరు*

క్రిస్మస్‌కి ముందు అమ్మ సాలూరులో నా దగ్గరే ఉంది. నన్ను బిందె ముట్టుకోనిచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం పెరట్లో ఎండలో కూర్చుని నా తలకు నూనె రాస్తోంది. అప్పటికి రెండు నెలలుగా లోపల పెట్టుకున్నది ఇక ఆగలేదు.

"గీత గీయించినాక వెంటనే ఎందుకు రానేదమ్మా? నానక్కడ సచ్చిపోతన్నాను. నీకు నామీద కోపమొచ్చిందేటి?"

అమ్మ చేతులు ఆగాయి.

"కోపమేటే? అక్కడ తీసీసినారు. ఇక్కడింకా ఎక్కనేదు. మరి మద్దిన నువ్వెక్కడున్నట్టు?" అంది. అది చాలా మామూలు సంగతన్నట్టు అంది. "ఎవులైనా ఆఫీసోళ్ళొచ్చి, ఈ పేరుగల మనిసేదీ అనడిగితే? ఉన్నాది, నా కూతురు బతికే ఉన్నాదని సెప్పడానికి అక్కడ ఒకలుండాల గదా. ఇల్లు తాళమేసుంటే, నేదని రాసీసుకుపోరేటి?"

అమ్మ మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టింది. నేను ఆమె మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. కుట్లు లాగుతాయి ఊరుకోమంది, ఊరుకోలేదు.

ఆ తర్వాత కొండమీద అమ్మ పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ పదకొండు రోజులూ అమ్మ సంతకు పోలేదు, ఆదివారం చర్చికి కూడా పోలేదు. తుఫాను వానలో కూడా తలుపు తెరిచే ఉంచి, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా గుమ్మంలోనే కూర్చుంది. ఎవరూ రాలేదు.